పిడి

ఆ రోజు మూడో పీరియడు.
చీపురుపల్లి హైస్కూలు, తొమ్మిదో తరగతి బి సెక్షను.
గోడవతల నుంచి పలాస పాసింజరు
ఎప్పట్లాగే నా వాక్యాన్ని సగంలో తెంపి వెళ్ళింది.
మిగతా సగం బోర్డు మీద రాశాను:
పిడివాదం.
కింద గీత కూడా గీశాను.
"పిడి అంటే పిడికిలి.
మూసిన పిడికిలితో చేసే వాదన.
రాసుకోండి."

నలభై ఆరు పెన్నులు రాసుకున్నాయి.
ఒకటి ఆగింది.

లక్కోజు నీలవేణి లేచి నిలబడింది.
"పిడంటే పిడికిలి కాదండి మాస్టారూ,
కత్తికుంటాది కదండి, అదండి.
మా నాన్న రోజూ ఏస్తాడండి."

తరగతి నవ్వింది.
నా ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు
గొంతులోకొచ్చి కుర్చీ వేసుకుంది.
"నే చెప్పిందే రాయి," అన్నాను.
బల్ల మీద ఒక్కటేశాను.
సుద్దముక్క పొడైంది.
చూసుకుంటే, మూసి ఉంది నా చెయ్యి.

ఆ రోజు ఆ మాటకర్థం
పిల్లలందరికీ బాగా తెలిసే ఉంటుంది.

*

రాత్రి నిద్ర పట్టక లావుపాటి పుస్తకాలు దించాను.
దుమ్ముకి తుమ్ములొచ్చాయి.
ఇంగ్లీషువాడి మాటకి వేరు గ్రీకులో ఉందట.
డోకెయిన్: అనిపించడం.
అంతే.
వానొచ్చేలా అనిపిస్తోందని
గొడుగు వెతుక్కుంటామే, ఆ మెత్తటి మాట.
ఎవడికో ఏదో అనిపించింది.
సభలో పదిమందికీ అదే అనిపించింది.
అనిపించిందని రాతి మీద చెక్కారు.
చెక్కాక అనిపించడం రాలిపోయింది,
రాయి మిగిలింది.
రోగి నాడికన్నా ముందు సిద్ధాంతం పట్టుకున్న
వైద్యులకి అదే పేరు పెట్టారు.
తర్వాత గుడి గడప ఎక్కి శాసనమైంది.
ఆఖరికి తిట్టుగా దిగింది,
ఎదుటివాడి మీద వెయ్యడానికే తప్ప
ఎవరూ తమ మీద వేసుకోని తిట్టు.

రెండు వేల ఏళ్ళు పట్టిన ఆ నడక
నేను గంట కొట్టేలోపే నడిచేశాను.

*

ఆదివారం మా ఇంట్లో కొడవలి పిడి ఊడింది.
నిజం చెప్పాలంటే, నేనే ఊడదీశాను.
రైలు గేటు దాటాక సన్యాసాచారి కొలిమి.
"మాస్టారు బాబు! రండి, కూకోండి,"
అని సంచి దులిపి వేశాడు.
నీలవేణి కొలిమి ఫ్యాను తిప్పుతూ
నిప్పుల్నే చూస్తోంది.

కొడవలి తోకని ఎర్రగా కాల్చి
తుమ్మకర్రలోకి దించాడు. పొగ లేచింది.
"ఇంకాస్త బిగించు," అన్నాను, అలవాటు కొద్దీ.
"మరీ బిగించీకూడదు బాబూ.
వానలకి కర్ర ఉబ్బుతాది, ఎండలకి ఎండుతాది.
దానికింత సందు ఒగ్గాల.
నేపోతే కర్రే సీలిపోతాది."
ఆపైన, మాట కోసం మాటలా,
"మా గుంట సదువు ఎలాగుందండీ?"

ఏం చెప్పను.
"బాగా చదువుతోంది," అన్నాను.
అటు తిరిగి, "అమ్మా, నువ్వు చెప్పింది కూడా సరైనదే."
ఆ "కూడా" అన్నది
నా నోట్లోంచి రావడానికి
ఎంత కాలిందో నాకే తెలుసు.
"పుస్తకంలో ఉందేటండి?" అంది, ఇంకా నిప్పులే చూస్తూ.
"రెండూ ఉన్నాయి. మాటకి ఏ పిడి ముందు తగిలించారో
ఎవరూ రాసిపెట్టలేదు."

"మూడోది ఇంకొకటుంది.
పిడి అంటే ఆడ ఏనుగట.
నాకూ మొన్న రాత్రే తెలిసింది."

అప్పుడు తలెత్తింది. నవ్వింది.
"వంగర సెరుకు తోటల్లో దిగినాయంట,
అయ్యేనేటండి?"

ఏమో, అవే అయ్యుండొచ్చు.
ఒడిశా కొండలు దిగి, నాగావళి దాటి,
నా పుస్తకంలో ఓ చివర ఉన్నదీ,
బోర్డు మీద నేనెప్పుడూ రాయనిదీ,
ఈపాటికి ఎవరి గట్టూ చూసుకోకుండా
చెరకు గడ విరుచుకుని
తీరిగ్గా నములుతూ ఉండొచ్చు.